ఏడు నాలుగుసార్లు

పలాస జీడి బట్టీలో పన్నెండేళ్లు పిక్క కోసినాను.
ఇప్పుడు పొట్టు తీస్తన్నాను, కిటికీ పక్క బల్ల.
నా మోకాలి కాడ నా ఫోను, బటన్లది.
జీడి రసం తగిలి తగిలి
దాని మీద అంకెలు అరిగిపోనాయి,
నా వేళ్ల మీద గీతలు అరిగిపోనట్టే.

టింగుమంటాది.
చేతులు చీరకి తుడుచుకొని చూస్తాను.
"ప్రియమైన కస్టమర్, ఈ పాట మీ కాలర్ ట్యూనుగా..."
మళ్లీ టింగు.
"ప్రియమైన కస్టమర్, మీ డేటా అయిపోవచ్చింది..."
డేటా ఏటి?
దీపం లేని కొంపకి కరెంటు బిల్లు.
క్రికెట్టు స్కోరు, జాతకం,
ముప్పై ఆరు రూపాయలకి నెలంతా జోకులు.
ఓ నెల నానేదో నొక్కీసినానని
ఆ ముప్పై ఆరూ కోసీసినారు.
మధ్యాన్నం దాకా నడుం ఎత్తకండా తీసిన పప్పు
అదంతానూ.
ఒక్క జోకూ చదవలేదు నాను.

మా ఆయన నన్ను ఏనాడూ ప్రియమైన అనలేదు.
ఒలే అంటాడు.
ఆ ఒలే అన్నోడు వారానికి రెండుమార్లు
ఆస్పత్రిలో మిషను పక్కన పడుకుంటాడు.
రక్తం బయటికెళ్లి కడుక్కొని మళ్లీ వస్తాది.
ఏ రోజు, ఏ గంట, ఏ మంచం అన్నది
ముందు రోజు ఫోనుకి కొడతారు.

మొన్న లక్ష్మివారం కొట్టినారట.
నాకు రాలేదు.
రాలేదంటే, వచ్చినాది,
గుమ్మం కాడ నిలబడిపోనాది.
లోపల రెండొందల ప్రియమైనలు
కాళ్లు బారజాపుకొని కూకున్నాయి.

శనివారానికి ఆయన మొకం ఉబ్బిపోయి
కళ్లు రెండు గీతలైపోనాయి.
నర్సమ్మ అరిచినాది.
ఫోను తీసి చూపించినాను.
ఆవిడ ఇంకేటీ అనలేదు.

కంపెనీకి చేసినాను.
తెలుగుకి రెండు నొక్కమంది. నొక్కినాను.
మనిషి కావాలంటే తొమ్మిది నొక్కమంది.
మనిషి రాలేదు, పాటొచ్చినాది.
పాట మధ్యలో
"ఈ పాట మీ కాలర్ ట్యూనుగా..."

కాశీబుగ్గ బస్టాండు ఎదర రీచార్జి కొట్టు.
ఢిల్లేసని మా ఆడపడుచు ఊరి కుర్రోడు.
"ఆపాలంటే స్టార్ట్ అని కొట్టాలత్తా" అన్నాడు.
ఎగతాళనుకున్నాను.
"స్టార్ట్ అంటే మొదలెట్టడం కాదేట్రా?"
"ఆపడం మొదలెట్టడం."
ఏమో మరి. తలుపు మూయించడానికీ
ముందర తలుపే తట్టాలి కావాల.

వాడు కొడతానన్నాడు. నానివ్వలేదు.
అంకెలు లేకపోతేనేటి,
ఏది ఎక్కడుందో నా వేలికి తెలుసు.
ఏడు నాలుగుసార్లు.
ఎనిమిది ఒకసారి.
రెండు ఒకసారి.
ఏడు మూడుసార్లు... నాలుగైపోనాది,
తుడిచి, మళ్లీ మూడు.
ఎనిమిది.
కొంచెం ఖాళీ. సున్నా.
పందొమ్మిదొందల తొమ్మిదికి పంపించీసినాను.

"వారం పడతాదత్తా."
ముప్పై ఆరు కొయ్యడానికి రెప్పపాటు,
ఒద్దన్న మాట వినపడ్డానికి వారం.

ఆ రాత్రి దీపం తగ్గించుకొని
రెండొందలూ ఒక్కొక్కటే తీసినాను,
పప్పు మీద పొట్టు తీసినట్టు, పప్పు విరక్కండా.
ఆయన ఇటు తిరిగినాడు.
"ఎవులికే ఈ ఏళప్పుడు అన్నేసి ఉత్తరాలు?"
"నన్ను ప్రియమైన అన్నోళ్లందర్నీ తరిమేస్తన్నాను."
నవ్వబోయినాడు. దగ్గొచ్చినాది.
నీళ్లు అడగబోయి ఊరుకున్నాడు,
రోజుకి ఇన్ని గుక్కలే అని లెక్కుంది ఆయనకి.

ఎనిమిదో నాడు కంపెనీ ఆఖరి ముక్క.
మీ కోరిక నమోదైనాది, ఇక పంపమని.
అదొక్కటీ తుడవలేదు.
చేలో దిష్టిబొమ్మలాగ
గుమ్మం కాడ ఉండనీ.

నిన్న సందేళ,
బట్టీలో బస్తాలు తూకానికెత్తుతుంటే, టింగు.
చేతిలో పప్పు జారి బద్దలైపోనాది.
ప్రియమైన లేదు.
ఆయన పేరు సగమే ఉంది,
ఇంటిపేరు వేరెవులిదో.
రేపు. పొద్దున్న ఆరు. మూడో మంచం.